ఇది ఎవరు కట్టుకుంటారు?
ఉజ్బెక్ చేతిపనుల పునరుద్ధరణ గురించి కొన్ని మాటలు (స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి పోచంపల్లో, చీరాలో, ఉప్పాడో విషయంగా ఉంటుందని మీరు అనుకుని ఉంటారు. ఉజ్బెకిస్తాన్ అనగానే నిర్వాహకులు కూడా కాస్త తటపటాయించారు. మాస్టారు ఆ దేశం చూడలేదు. కానీ మన నేత సంఘం ఆఫీసుకు కొత్త డిజైను పట్టుకొచ్చిన ప్రతివాళ్లనూ ఆయన అడిగే మొదటి ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది: "బానే ఉంది గానీ, ఇది ఎవరు కట్టుకుంటారు?" రంగులు, లెక్కలు, మజూరీ అన్నీ ఆ తర్వాతే. పోయిన చేతిపని ఏదో మళ్లీ నిలబడిందని ఎక్కడ విన్నా నేనూ ముందు అదే అడుగుతున్నాను. ఉజ్బెక్ చేతిపనుల గత వందేళ్ల చరిత్రను ఆ ఒక్క ప్రశ్నతో చూస్తే, పొగడ్తల్లోనూ విలాపాల్లోనూ కనబడని సంగతులు కొన్ని కనబడతాయి.

ఆ దేశంతో మనకు చుట్టరికం కలపాలంటే పెద్ద కష్టం కాదు. తాష్కెంట్ అనగానే 1966 జనవరి, లాల్ బహదూర్ శాస్త్రి గుర్తొస్తారు. హైదరాబాద్‌ను ఏలిన ఆసఫ్‌జాహీల మూలపురుషుడు ఖ్వాజా ఆబిద్ సమర్‌కంద్ ప్రాంతం నుంచే వచ్చాడు. 1687లో గోల్కొండ ముట్టడిలో గాయపడి చనిపోయాడు, సమాధి హిమాయత్‌సాగర్ దగ్గర ఉంది. కానీ ఈ చుట్టరికాలతో నాకు పని లేదు. మా నేతవాళ్లకూ వాళ్లకూ అసలైన లంకె వేరే ఉంది. నూలును ముందే చిటికి కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేసే పని ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. ఇక్కడ పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం. అక్కడ ఫెర్గానా లోయలో మర్గిలాన్.

మర్గిలాన్‌లో పడుగుకే కడతారు. మన దగ్గర పడుగుకూ పేకకూ రెండింటికీ కట్టే తేలియా రుమాలు లాంటివి ఉన్నాయి కాబట్టి, వాళ్ల పని సులువనిపించవచ్చు. అలా అనుకుంటే పొరపాటు. పడుగు పోగులను పొడవాటి కట్టగా చాచి, మీద బొగ్గుతో గీత గీస్తారు. గీసేవాడు ఒకడు, కట్టేవాడు ఇంకొకడు. రంగు పట్టకూడని చోట గట్టిగా చుట్టి బిగిస్తారు. మన దగ్గర సైకిల్ ట్యూబు పీలికలు వాడినట్టు వాళ్లిప్పుడు అంటుకునే టేపు కూడా వాడుతున్నారు. ఒక రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, కొత్తవి కట్టి, మళ్లీ ముంచుతారు. పాత రోజుల్లో పసుపు, ఎరుపు వేడి రంగుల బట్టీలు ఒకళ్ల చేతిలో, నీలిమందు తొట్లు ఇంకొకళ్ల చేతిలో ఉండేవి. బుఖారాలో నీలి పనిచేసినవాళ్లు ఎక్కువగా యూదులు. ఒక గుడ్డ తయారవడానికి వాడ వాడంతా తిరిగి వచ్చేది. పట్టు పడుగు, నూలు పేక అయితే అది అద్రస్. పూర్తి పట్టుతో శాటిన్ నేత అయితే అత్లస్. నేసిన అద్రస్‌కు కోడిగుడ్డు తెల్లసొన పూసి, కొయ్య సుత్తులతో బాది మెరుపు తెచ్చే పనివాళ్లు వేరే ఉండేవాళ్లు. గుడ్డ వెడల్పు మూరకు అటూ ఇటూ. అందుకే పాత అంగీలు చూస్తే సన్నటి పట్టీలు కలిపి కుట్టినట్టు ఉంటాయి.

పై చెప్పిన వరసలో ఎంతమంది ఉన్నారో చూడండి. ఒక చేతిపని పోయిందంటే నేసేవాడే పోనక్కర్లేదు. తెల్లసొన పూసేవాడు పోయినా చాలు.

ఇక వందేళ్ల కిందటికి వెళదాం. 1920 సెప్టెంబర్‌లో ఎర్ర సైన్యం బుఖారాను పట్టుకుంది. అక్కడి పాలకుడు అమీర్ పారిపోయాడు. ఆ రోజుతో ఒక పెద్ద ఖాతాదారు మాయమయ్యాడు. కొలువులో బహుమానంగా ఇచ్చే జరీ అంగీలు, పట్టు మఖమలు అంగీలు, గుర్రాల మీద కప్పే కుట్టుపని జీనుగుడ్డలు కొనేవాళ్లు లేరు. ధనిక వర్తకుల ఇళ్లూ ఆ తర్వాత ఎంతోకాలం నిలవలేదు. చేతిపనివాళ్లను సహకార సంఘాల్లో, ఆర్టెల్స్ అనేవాళ్లు వాటిని, చేర్చారు. 1950ల చివరికి ఆ సంఘాలనూ రద్దుచేసి ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో కలిపేశారు. ఇంట్లో సొంతంగా మగ్గం పెట్టుకుని నేసి బజారులో అమ్మితే చట్టం దృష్టిలో అది దొంగబేరం. పనివాళ్ల శ్రేణులకు ఉండే రాత పుస్తకాలకు, గురువు చేత దీవెన ఇప్పించి నడుముకు పట్టీ కట్టే ఆచారాలకు మతం రంగు ఉండడంతో అవీ అనుమానంలో పడ్డాయి. కమ్మరికి దావూద్ ప్రవక్త ఆదిగురువు అని చెప్పుకునే లోకంలో ఫ్యాక్టరీ ఫోర్‌మన్ వచ్చి కూర్చున్నాడు.

ఇదంతా విని సోవియట్ కాలమంటే ఒట్టి విధ్వంసమని తీర్పు చెప్పడం తేలిక. ఆ తీర్పు నేను చెప్పను. 1947లో తాష్కెంట్‌లో నవాయి థియేటర్ తెరిచారు. లోపల ఒక్కో హాలుకు ఒక్కో ప్రాంతపు గచ్చుపని. బుఖారాకు చెందిన ఉస్తో, అంటే పనిలో గురువు, షిరీన్ మురాదోవ్ చేతిపని అక్కడ ఉంది. ఇదే మురాదోవ్ అంతకుముందు అమీర్ వేసవి కోట సితోరాయి మోహి ఖోసాలో తెల్ల హాలు చెక్కినవాడు. అమీర్‌కు చెక్కిన చెయ్యే సోవియట్ థియేటర్‌కూ చెక్కింది, 1948లో స్టాలిన్ బహుమతి కూడా పుచ్చుకుంది. గచ్చుపనికి కొనేవాడు దొరికాడు: రాజ్యం. ప్రజాభవనాలు కట్టే రాజ్యానికి అలంకారం కావాలి, కాబట్టి ఆ పని నడిచింది. మఖమలుకు ఆ అదృష్టం దక్కలేదు.

అన్నిటికన్నా ఆశ్చర్యం అత్లస్ సంగతి. దాన్ని మాత్రం ఎవరూ చంపలేకపోయారు. కారణం ఉజ్బెక్ ఆడవాళ్లు. 1927లో ముసుగులు తగలబెట్టించే ఉద్యమం నడిచింది. ముసుగు పోయింది గానీ లోపల తొడిగిన రంగురంగుల వదులు గౌను పోలేదు. పొలంలో పత్తి ఏరే ఆడమనిషి, బడిపంతులమ్మ, పెళ్లికూతురు, అందరికీ అత్లస్ కావాలి. దాంతో ఫ్యాక్టరీలే యంత్రాల మీద అత్లస్ నేయడం మొదలుపెట్టాయి. నాణ్యం పడిపోయింది, రంగులు రసాయనాలవి, నమూనాలు తగ్గిపోయాయి. అయినా పడుగుకు కట్టే ఆ పద్ధతి, కట్టగలిగిన చేతులు మిగిలాయి. 1991లో దేశం స్వతంత్రమయ్యే నాటికి మర్గిలాన్‌లో ఆ పని తెలిసినవాళ్లు ఉన్నారు. ప్రభుత్వ పథకం వల్ల కాదు, ఊళ్లో ఆడవాళ్లు కొంటూనే ఉండడం వల్ల.

బుఖారా జరీ కుట్టుదీ అదే తీరు. ఒకప్పుడు కొలువు కార్ఖానాల్లో మగవాళ్ల పని అది. బంగారు దారం గుడ్డలోంచి కిందికి దిగదు. పైనే పరిచి, అట్టముక్కతో కత్తిరించిన నమూనా మీదుగా అటూ ఇటూ మళ్లిస్తూ, వేరే సన్నదారంతో పట్టి కుడతారు. మన ఊళ్లలో మగ్గం వర్క్ జాకెట్టు కుట్టించుకున్న ఏ అమ్మాయికైనా ఈ పద్ధతి చెప్పకుండానే తెలుసు. అమీర్ పోయాక ఫ్యాక్టరీల్లో ఈ పని ఆడవాళ్ల చేతికి వచ్చింది. ఇవాళా అక్కడ పెళ్లికొడుకు జరీ అంగీ వేసుకోవలసిందే. పెళ్లిళ్లు జరిగినంత కాలం ఆ పనికి ఢోకా లేదు. దాన్ని ఎవరూ "పునరుద్ధరించ"లేదు, ఆ అవసరమే రాలేదు.

మరి పునరుద్ధరణ అనే మాట ఎక్కడ నిజంగా వర్తిస్తుంది? నాకు తెలిసినంతలో మర్గిలాన్ మఖమలుకు. వాళ్లు బఖ్మల్ అంటారు. అమీర్ల కాలంలో అన్నిటికన్నా ఖరీదైన గుడ్డ. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే ఆగిపోయింది. 1990ల నాటికి మ్యూజియంలలో అంగీలున్నాయి, నేసిన చెయ్యి ఒక్కటీ లేదు.

దీని కష్టం ఎక్కడుందో మన నేతవాళ్ల కోసం కొంచెం విడమరిచి చెబుతాను. మఖమలుకు రెండు పడుగులు. ఒకటి నేల పడుగు, రెండోది కుచ్చు పడుగు. నేస్తూ నేస్తూ కుచ్చు పడుగు కింద సన్నటి కడ్డీ దూరుస్తారు. దాంతో పోగులు పైకి ఉంగరాల్లా లేస్తాయి. తర్వాత బ్లేడుతో ఆ ఉంగరాలను కోస్తే మెత్తటి నూగు నిలబడుతుంది. ఉంగరాలకు బోలెడు పోగు ఖర్చవుతుంది కాబట్టి కుచ్చు పడుగు, నేసిన గుడ్డకన్నా కొన్ని రెట్లు పొడవుండాలి. ఇప్పుడు చిక్కు చూడండి. చిటికి కట్టేది ఆ కుచ్చు పడుగుకే. గుడ్డ మీద గుండ్రటి దానిమ్మ కావాలంటే, పడుగు మీద దాన్ని బాగా సాగదీసి, సన్నగా పొడుగ్గా గీయాలి. నేతలో అది ముడుచుకుని గుండ్రంగా వస్తుంది. ఎంత ముడుచుకుంటుందో గీసేవాడికి ముందే లెక్క తెలియాలి. కడ్డీ మందం మారితే లెక్క మారుతుంది. పడుగు బిగువు మారితే మళ్లీ మారుతుంది. చేతిలో ఉండే ఈ లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. గాజుపెట్టెలోని అంగీ ఎంతసేపు చూసినా చెప్పదు.

ఈ లెక్కను మళ్లీ పట్టుకున్నది తుర్గున్‌బాయ్ మీర్జాఅహ్మదోవ్, ఆయన కొడుకు రసూల్‌జాన్. వాళ్లది తరతరాల చిటికి కుటుంబం. 2000ల తొలి ఏళ్లలో యునెస్కో సాయంతో పాత నమూనాలు పరిశీలించి, మగ్గం సరిచేసుకుని, ఎన్నో ముక్కలు పాడుచేసుకుని మఖమలు నేశారు. వాళ్లు నేసిన గుడ్డ న్యూయార్క్ డిజైనర్ ఆస్కార్ డె లా రెంటా కంట పడింది, ఆయన దుస్తుల్లోకి చేరింది. అక్కడి నుంచి ఇక్కత్ అనే పేరుతో ఈ చిటికి గీతలు అమెరికా సోఫాల మీదికి, దిండ్ల మీదికి పాకాయి. అమీర్ స్థానంలో కొత్త ఖాతాదారు వచ్చాడు. ఆ ఖాతాదారు తాష్కెంట్‌లో ఉండడు, అద్రస్ వేసుకోడు, గోడకు తగిలిస్తాడు.

ఇది తప్పని నేను అనను. కానీ మాస్టారు ఉంటే, "ఆ అమెరికా ఆయనకు వచ్చే ఏడు చారలు నచ్చితే?" అని తప్పక అడిగేవారు.

రిష్తాన్ కుండల సంగతి మరో రకం. ఫెర్గానా లోయలోనే ఉన్న ఆ ఊరిది ఎర్రమట్టి, దాని మీద నీలం, మయూరనీలం రంగుల పూత. ఆ పూతకు ప్రాణం ఇష్కోర్ అనే బూడిద. చౌడునేలల్లో, ఎడారి అంచుల్లో పెరిగే మొక్కలను వేసవి చివర కోసి, గుట్టలుగా పోసి కాలుస్తారు. బూడిద కరిగి రాయిలా గడ్డకడుతుంది. ఆ గడ్డను దంచి, తెల్లరాతి పొడితో కలిపి, మళ్లీ కాల్చి, మళ్లీ విసిరి పూతగా వాడతారు. దాని కింద కోబాల్టు నీలం లోతుగా, నీళ్లలోంచి చూసినట్టు పలుకుతుంది. మన గాజుల బట్టీల్లో చౌడు వాడిన పాతతరం వాళ్లకు ఈ రసాయనం కొత్తేమీ కాదు.

సోవియట్ ఫ్యాక్టరీ రిష్తాన్‌లో కుండలను ఆపలేదు, లక్షల్లో చేయించింది. ఆగింది బూడిద. మొక్కలు కోసుకురావడం, కాల్చడం, విసరడం ఇవన్నీ ఉత్పత్తి ప్రణాళికలో ఇమడవు. సీసపు పూత సంచిలో వస్తుంది, తక్కువ వేడికే మెరుస్తుంది. అలా ఇష్కోర్ చాలావరకు మరుగునపడింది. సీసపు పూత గిన్నెలో పులుపు పదార్థం పెడితే సీసం ఊరి తిండిలోకి దిగవచ్చన్న సంగతి మాత్రం కొనేవాళ్లకు ఎవరూ చెప్పలేదు. షరాఫిద్దీన్ యూసుపోవ్, అలీషేర్ నజీరోవ్ లాంటి ఉస్తోలు మళ్లీ ఆ బూడిద దగ్గరకు వెళ్లారు, పాళ్లు తేల్చుకున్నారు. 2023లో ఉజ్బెకిస్తాన్ కుమ్మరి కళలను యునెస్కో తన అవ్యక్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఇవాళ రిష్తాన్ వీధిలో ప్రతి ఇంటి ముందూ నీలి పళ్లేలు వేలాడుతుంటాయి. వాటిలో ఇష్కోర్ పూత ఉన్నవి ఎన్ని అని అడిగితే, అమ్మేవాళ్లు నవ్వి ఊరుకుంటారు.

అయినా రిష్తాన్ పునాది గట్టిదని నా నమ్మకం. ఎందుకంటే ఆ దేశంలో పలావు లగన్‌లోనే వడ్డిస్తారు. లగన్ అంటే పదిమంది చుట్టూ కూర్చుని తినే వెడల్పాటి పళ్లెం. టీ పియోలాలోనే తాగుతారు, అదీ సగం నింపి. నిండా పోస్తే త్వరగా తాగి వెళ్లమన్నట్టట. ఈ రెండు అలవాట్లూ మారనంతవరకు కుమ్మరికి ఇంటి గిరాకీ ఉంటుంది. ఒక వింత కూడా చెప్పాలి. ఇవాళ ఏ ఉజ్బెక్ ఇంటికి వెళ్లినా కనబడే కెటిల్, పియోలాల మీద ముదురు నీలంలో తెల్లటి పత్తికాయ, చుట్టూ బంగారు గీత ఉంటుంది. అది ప్రాచీనం కాదు. తాష్కెంట్ పింగాణీ ఫ్యాక్టరీ నమూనా. పత్తి కోసం ఆ దేశాన్ని పిండిన కాలం గుర్తు. జనం మాత్రం దాన్ని తమ సొంత సంప్రదాయంగా ఎప్పుడో కలిపేసుకున్నారు.

సమర్‌కంద్ పక్కన కోనిగిల్ అనే ఊళ్లో కాగితం తయారీ చూపిస్తారు. ముఖ్తారోవ్ సోదరులు 1990ల చివర్లో పెట్టిన కార్ఖానా అది. మల్బరీ కొమ్మల బెరడు ఒలిచి, లోపలి పొర ఉడకబెట్టి, నీటిచక్రంతో లేచి పడే రోకళ్ల కింద నలగ్గొట్టి, తొట్టిలో కలిపి, జల్లెడతో ఎత్తి, ఆరిన కాగితాన్ని నున్నటి రాయితో రుద్దుతారు. చూడముచ్చటగా ఉంటుంది. 751లో తలాస్ యుద్ధంలో దొరికిన చైనా బందీల ద్వారా కాగితం సమర్‌కంద్‌కు వచ్చిందని గైడు చెప్తాడు. ఆ కథను అందరూ అలాగే చెప్పుకుంటారు. నా అభ్యంతరం కథ మీద కాదు. ఇస్లామిక్ ప్రపంచపు పాత రాతప్రతుల కాగితాన్ని పరిశీలించిన నిపుణులకు అందులో ఎక్కువగా దొరికింది జనుము, అవిసె నార, అంటే పాత గుడ్డల పీచు. మల్బరీ బెరడు తూర్పు ఆసియా పద్ధతి. అంటే కోనిగిల్‌లో మనం చూస్తున్నది పాతదాని నకలు అనడం కన్నా, పాతదాని పేరు మీద పుట్టిన కొత్త పని అనడం సబబు. అది మంచి కాగితమే. దాని మీద రాసే లేఖకులూ చిత్రకారులూ ఉన్నారు, బొమ్మలు, సంచులు చేసి అమ్ముతున్నారు, ఊళ్లో కొందరికి కూడు పెడుతోంది. ఆ మాట ఉన్నదున్నట్టు చెప్తే దాని విలువేం తగ్గదు.

ఖీవాలో తివాచీల కార్ఖానా మరీ నిర్మొహమాటం. 2001లో యునెస్కో, ఒక స్వీడిష్ స్వచ్ఛంద సంస్థ కలిసి ఒక పాత మదరసాలో పట్టు తివాచీల పని మొదలుపెట్టించాయి. దాన్ని నడిపినవాళ్లలో ఒకడైన క్రిస్టఫర్ అస్లాన్ అలెగ్జాండర్ ఆ అనుభవం మీద పుస్తకం రాశాడు. తైమూర్ వంశీకుల కాలపు సూక్ష్మచిత్రాల్లో రాజుల కాళ్ల కింద గీసిన తివాచీలను చూసి, వాటి నమూనాలనే దారంలోకి దించారు. దానిమ్మ తొక్క, మంజిష్ఠ, నీలిమందు రంగులు. ఇందులో ఏ పాత కుటుంబమూ లేదు, ఏ తెగిన పోగూ లేదు. పనిలేని ఆడవాళ్లకు పని కావాలి, వచ్చే యాత్రికులకు వస్తువు కావాలి. ఆ లెక్కతోనే మొదలైంది, ఆ లెక్కతోనే నిలబడింది. నాకు ఇది నచ్చుతుంది, లేని వంశవృక్షం గీసుకోలేదు కాబట్టి.

సుజనీ కుట్టుపని గురించి రెండు మాటలు. అమ్మాయి పుట్టగానే తల్లి మొదలుపెట్టే పెళ్లి సారె అది. ముతక నూలుగుడ్డ సన్న పట్టీలను వదులుగా కలిపి, గీతలు గీయడంలో ఆరితేరిన ఆవిడను పిలిపించి పెద్ద పెద్ద పూలు గీయిస్తారు. ఆ తర్వాత పట్టీలు విడదీసి అక్కచెల్లెళ్లు, పిన్నమ్మలు, ఇరుగుపొరుగు తలా ఒకటి పట్టుకెళ్లి కుడతారు. చివరికి మళ్లీ కలుపుతారు. పాత సుజనీల్లో ఒక పువ్వు సగం ముదురెరుపు, సగం లేతెరుపు ఉంటుంది. రెండు సగాలూ కలిసేచోట రేకు కాస్త జరిగి ఉంటుంది. ఒక పట్టీ కుట్టినావిడ చెయ్యి బిగువు, ఇంకొకావిడది వదులు. నూరాతా, షహ్రిసబ్జ్, బుఖారా, ఒక్కో ఊరి పద్ధతి ఒక్కో రకం. ఇవాళ బుఖారా బజారులో దొరికేవాటిలో రేకు జరగదు. పట్టు మీద పట్టుదారంతో, ఒకే వెడల్పు గుడ్డ మీద, ఆర్డరు ప్రకారం కుట్టినవి అవి. కొన్నిటికి టీ నీళ్లు పట్టించి పాతవిగా చూపిస్తారు. యాత్రికుడికి పాతదే కావాలి మరి.

రాజ్యం చేసిందేమీ లేదా అంటే ఉంది. 1997లో జానపద చేతిపనులను ప్రోత్సహించాలని అధ్యక్ష ఉత్తర్వు వచ్చింది, హునర్‌మంద్ అనే పనివాళ్ల సంఘం ఏర్పడింది. 2017లో ఇంకో ఉత్తర్వుతో పన్ను ఊరటలు, స్థలాలు, రుణాలు పెరిగాయి. అదే ఏడు మర్గిలాన్‌లో పాత మదరసాలో నడిచే చేతిపనుల కేంద్రాన్ని, అత్లస్, అద్రస్ పద్ధతులను కాపాడినందుకు, యునెస్కో మంచి ఉదాహరణల పట్టికలో ఎక్కించింది. 2019లో కోకంద్‌లో అంతర్జాతీయ చేతిపనుల ఉత్సవం మొదలైంది. వీసాలు సడలించారు. ఆ ఏడు దేశానికి 67 లక్షల మంది విదేశీయులు వచ్చారు. అందులో ఎక్కువమంది పొరుగుదేశాల వాళ్లే, వాళ్లు మఖమలు కొనరు. మరుసటి ఏడు కరోనా. యాత్రికుడొక్కడినే నమ్ముకున్న కార్ఖానాలు తాళాలు వేసుకున్నాయి. పెళ్లి అంగీలు కుట్టేవాళ్లు, లగన్లు చేసేవాళ్లు కుంటుకుంటూనైనా నడిచారు. నా వాదన మొత్తానికి అంతకు మించిన సాక్ష్యం నేను చూపలేను.

ఇంకో పక్క ఉంది, దాని గురించి ఈ ఉత్సవాల్లో ఎవరూ మాట్లాడరు. పట్టుగూళ్ల ఉత్పత్తిలో చైనా, ఇండియాల తర్వాత ఉజ్బెకిస్తానే. ప్రతి వసంతంలో రైతుల ఇళ్లకు పట్టుపురుగు గుడ్లు చేరతాయి. హిందూపురం, మదనపల్లె వైపు పట్టు పెంచినవాళ్లకు తెలుసు, ఆ నాలుగు వారాలు ఎలా ఉంటాయో. రాత్రింబవళ్లు ఆకు వేయాలి. పొగ తగలకూడదు, చలి తగలకూడదు, చివరి దశలో పురుగుల మేత చప్పుడుకు నిద్ర పట్టదు. మన రైతు గూళ్లను సంతకు పట్టుకెళ్లి ఆ రోజు ధరకు అమ్ముకుంటాడు. అక్కడ చాలాకాలం రైతుకు కోటా ఉండేది, ఇన్ని కిలోలు ఇవ్వాలని. కొనేది ప్రభుత్వం, ధర చెప్పేదీ ప్రభుత్వమే. పురుగులకు వెచ్చటి గది కావాలి కాబట్టి ఇంటిల్లిపాదీ గది ఖాళీ చేసి వసారాలో సర్దుకునేవాళ్లు. మానవహక్కుల సంస్థలు దీని మీద నివేదికలు రాశాయి. పత్తి ఏరడానికి జనాన్ని బలవంతాన తోలినందుకు ప్రపంచ దుస్తుల కంపెనీలు ఆ దేశపు పత్తిని బహిష్కరించిన సంగతి చాలామందికి తెలుసు. 2022 మార్చిలో ఆ బహిష్కరణ ఎత్తేశారు. పట్టు గురించి అంత గొడవ జరగలేదు. అదే 2022లో ఏడు దేశాల పట్టు పెంపకం, నేత సంప్రదాయాలను యునెస్కో జాబితాలో చేర్చారు, ఉజ్బెకిస్తాన్ వాటిలో ఒకటి. జాబితాలో సంప్రదాయం ఉంది, వసారాలో పడుకున్న కుటుంబం లేదు. చేతిపనిని లెక్కగట్టేటప్పుడు మగ్గం దగ్గర మొదలుపెట్టి షోరూము దగ్గర ఆపడం మన దగ్గరా అలవాటే.

చేతిపని స్వచ్ఛత గురించి కూడా కాస్త నిదానించి మాట్లాడాలి. మర్గిలాన్‌లో యోద్గోర్లిక్ అనే పట్టు కార్ఖానా ఉంది. ఒక గదిలో పొయ్యి మీద గూళ్లు ఉడుకుతుంటే ఆవిడెవరో పుల్లతో కెలికి పోగు కొసలు పట్టి లాగుతుంది, పక్క హాల్లో ఆడపిల్లలు చేతిమగ్గాల మీద కూర్చుంటారు. ఇంకో హాలు తలుపు తీస్తే చెవులు చిల్లులు పడేలా పాత మరమగ్గాలు. యాత్రికులు అక్కడ మొహం చిట్లిస్తారు. నాకు మాత్రం ఆ హాలే ఆశ కలిగించింది. మరమగ్గం అత్లస్ ఊళ్లో ఆడవాళ్లకు అందే ధరలో ఉంటుంది, దానికీ చిటికి కట్టేది చేతితోనే. యంత్రం ఎక్కడ దూరాలన్నది పనివాళ్లు తేల్చుకోవలసిన సంగతి. ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం, తన తల్లి చేతులు ఆసు పోయలేక, అంటే చిటికి ముందు నూలు చుట్టలేక, నొప్పులు పడుతుంటే చూడలేక 1999లో ఆసు యంత్రం చేశాడు. దాంతో పోచంపల్లి చీర చీర కాకుండా పోయిందా?

అసలు శత్రువు మరమగ్గం కాదు, అచ్చు. పాలియెస్టర్ గుడ్డ మీద అత్లస్ గీతలు అచ్చువేసి తెచ్చిన థాన్లు తాష్కెంట్ చోర్సూ బజారు నిండా ఉన్నాయి. మన దగ్గర పోచంపల్లి గీతల అచ్చు చీర ఎలాగో అలా. కొనేవాళ్లు గుడ్డ తిరగేసి చూస్తే చాలు, చిటికి గుడ్డలో గీత వెనక పక్కా పలుకుతుంది, అచ్చుది వెనక వెలవెలబోతుంది. కానీ తిరగేసి చూసే అలవాటు పోయింది. ఈ పదేళ్లలో తాష్కెంట్ యువ డిజైనర్లు కొందరు అద్రస్‌ను కోట్లుగా, స్కర్టులుగా కుడుతున్నారు, నవ్‌రూజ్ పండుగ నాడు చదువుకున్న అమ్మాయిలు అవి వేసుకుని బయటికి వస్తున్నారు. న్యూయార్క్ ర్యాంపు కన్నా నేను దీన్ని ఎక్కువ లెక్కలోకి తీసుకుంటాను. 2025 సెప్టెంబర్‌లో మొదలైన తొలి బుఖారా బియెన్నాలేలో ఉజ్బెక్ పనివాళ్లను దేశవిదేశాల కళాకారులతో జతకట్టించారు. ప్రదర్శన చూసినవాళ్లు మెచ్చుకున్నారు. అది పనివాళ్లకు పేరు తెస్తుంది, సరే. ఏడాది పొడుగునా మగ్గం ఆడాలంటే మాత్రం పెళ్లిళ్లే కావాలి.

నిర్వాహకులకు ఒక విన్నపంతో ముగిస్తాను. పుట్టపాక నుంచి ఇద్దరు చిటికి పనివాళ్లను మర్గిలాన్ పంపండి, అక్కడి నుంచి ఇద్దరిని పిలవండి. అధికారులూ, నాలాంటి ఉపన్యాసకులూ వద్దు. మఖమలు కుచ్చు పడుగు మీద బొమ్మను ఎంత సాగదీయాలో మనవాళ్లు చూడాలి. పేకకు కట్టిన చిటికి పడుగు చిటికితో గీత తప్పకుండా ఎలా కలుస్తుందో వాళ్లు చూడాలి. భాష రాదన్న బెంగ అక్కర్లేదు, మగ్గం ముందు కూర్చోబెడితే మిగతాది వాళ్లే చూసుకుంటారు. ఖర్చుకు సంఘం దగ్గర డబ్బు లేదని కోశాధికారి గారు తల అడ్డంగా ఊపుతున్నారు. ఈ ఉపన్యాసానికి నాకు ఇవ్వదలచిన పారితోషికంతో ఆ ఖాతా తెరవమని కోరుతున్నాను.